జ్వరంలో తీసిన రక్తం, ఆరోగ్యంగా ఉన్నప్పుడు తీసిన రక్తం: ఈ రెండు రిపోర్టులను ఎలా పోల్చాలి?

తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థం కావాలని ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీ బాబుకు 22 నెలలు. నాలుగు రోజులుగా జ్వరం, దగ్గు ఉంటే రక్తపరీక్షలు చేయించారు. హిమోగ్లోబిన్ 9.6, తెల్లకణాలు 14,200, అందులో న్యూట్రోఫిల్స్ 36 శాతం, లింఫోసైట్స్ 55 శాతం, ప్లేట్‌లెట్లు 5.1 లక్షలు, ఎంసీవీ (ఎర్రకణం సైజు) 68, ఆర్‌డీడబ్ల్యూ 17.5 (ఎర్రకణాల సైజుల్లో హెచ్చుతగ్గులు), సీఆర్పీ (ఇన్ఫెక్షన్ లాంటివి ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్) 38, సీరం ఐరన్ (రక్తంలో తిరిగే ఐరన్) 18, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ లెక్క) 24. మీ అక్కగారి పాపకు 23 నెలలు, ఏ జబ్బూ లేదు, ప్లేస్కూల్‌లో చేర్చే ముందు ఊరికే ఒకసారి పరీక్షలు చేయించారు. ఆ పాపకు హిమోగ్లోబిన్ 11.3, ఎంసీవీ 76, లింఫోసైట్స్ 57, ప్లేట్‌లెట్లు 3.4 లక్షలు, ఫెరిటిన్ 19.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే మీకు మూడు అనుమానాలు వచ్చాయి. బాబుకు ఐరన్ నిల్వ పాప కంటే ఎక్కువ ఉంటే రక్తం ఎందుకు తక్కువగా ఉంది? రక్తం తక్కువ ఉందని చెబుతూనే డాక్టరుగారు ఐరన్ సిరప్ ఇప్పుడే వద్దు, మూడు వారాలాగి రమ్మని ఎందుకన్నారు? లింఫోసైట్స్, ప్లేట్‌లెట్లు ఎక్కువ ఉండటం బ్లడ్ క్యాన్సర్ లక్షణమా?

నేను పిల్లల ఆసుపత్రుల ల్యాబుల్లో పాథాలజిస్టుగా 19 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మీ ప్రశ్నలో మంచి సంగతి ఒకటి ఉంది. జబ్బుగా ఉన్న పిల్లవాడి రక్తాన్ని ఆరోగ్యంగా ఉన్న పాప రక్తంతో పోల్చాలని మీకు తోచింది. అదే సరైన ఆలోచన. కానీ ఆ పోలిక చేయడానికి ఒక పద్ధతి ఉంది. అది తెలియకపోతే మీలాగే రాత్రంతా నిద్రపట్టక కూర్చోవాల్సి వస్తుంది.

ముందు ఆ క్యాన్సర్ భయం తీసేద్దాం. మీరు రాసిన అంకెల్లో ఆ అనుమానం కలిగించేది ఏదీ నాకు కనిపించడం లేదు.

పెద్దవాళ్ల రక్తంలో న్యూట్రోఫిల్స్ 60 శాతం, లింఫోసైట్స్ 30 శాతం చుట్టుపక్కల ఉంటాయి. పుట్టిన రోజున బిడ్డకు కూడా న్యూట్రోఫిల్స్‌దే పైచేయి. మొదటి వారంలోనే అది తారుమారై లింఫోసైట్స్ ఎక్కువవుతాయి. నాలుగైదేళ్లు వచ్చేవరకూ అలాగే ఉండి, ఆ తర్వాత మెల్లగా పెద్దవాళ్ల లెక్కకు తిరుగుతాయి. రెండేళ్ల పిల్లల్లో లింఫోసైట్స్ 55, 60 శాతం ఉండటం మామూలే. ఈ వయసులో తెల్లకణాల మొత్తం కూడా 6,000 నుంచి 17,000 వరకు ఉండొచ్చు. మీ అక్కగారి పాప రిపోర్టు ఇంకోసారి చూడండి. ఏ జబ్బూ లేని ఆ పాపకు కూడా 57 పక్కన 'హెచ్' (హై, అంటే ఎక్కువ) అని ఉందని మీరే రాశారు. ఆరోగ్యంగా ఉన్న పాపకూ, జ్వరంతో ఉన్న బాబుకూ ఒకే చోట హెచ్ పడిందంటే తేడా పిల్లల్లో లేదు, ఆ ల్యాబ్ అచ్చువేసిన నార్మల్ రేంజిలో ఉంది. 20 నుంచి 40 అనేది పెద్దవాళ్ల రేంజి.

ప్లేట్‌లెట్లు 5.1 లక్షలు కావడానికి మీ బాబు ఒంట్లో రెండు కారణాలున్నాయి. ఒకటి ఇన్ఫెక్షన్. రెండోది ఐరన్ లోపం, దాని గురించి తర్వాత చెబుతాను. చిన్నపిల్లల్లో ఈ రెండూ ప్లేట్‌లెట్లను పెంచుతాయి. న్యుమోనియా తగ్గుతున్న రెండో వారంలో 7, 8 లక్షలు ఉన్న పిల్లలను కూడా చూస్తుంటాం, కొన్ని వారాల్లో వాటంతటవే దిగిపోతాయి. బ్లడ్ క్యాన్సర్‌లో సాధారణంగా కనిపించేది దీనికి వ్యతిరేకం. ఎముకల మూలుగలో చోటు లేక ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ రెండూ పడిపోతాయి, ఒంటిమీద ఎర్రటి చుక్కలు వస్తాయి, కాళ్ల నొప్పులతో పిల్లవాడు నడవనంటాడు, కాలేయం, ప్లీహం పెరుగుతాయి. ఇంకా మనసులో సందేహం ఉంటే తర్వాతిసారి రక్తం తీసినప్పుడు పెరిఫెరల్ స్మియర్ కూడా చూడమని అడగండి. ఒక చుక్క రక్తాన్ని గాజుపలక మీద పరిచి మైక్రోస్కోప్ కింద చూసే ఈ పాత పరీక్ష, మిషన్ ఇచ్చే అంకెలకంటే చాలాసార్లు ఎక్కువ చెబుతుంది.

ఆ హెచ్, ఎల్ (లో, అంటే తక్కువ) అక్షరాల సంగతి ఇంకాస్త చెప్పాలి. అవి లేనిపోని టెన్షన్ పెట్టడమే కాదు, ఒక్కోసారి రావాల్సిన టెన్షన్‌ను రాకుండా కూడా చేస్తాయి. కొన్నేళ్ల కిందట మూడేళ్ల పాపను ముఖం ఉబ్బిందని తీసుకొచ్చారు. అంతకు రెండు రోజుల ముందు బయట ఒక ల్యాబులో చేయించిన రిపోర్టులో క్రియాటినిన్ (కండల నుంచి వచ్చి కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం) 0.9 అని ఉంది. పక్కన 0.6 నుంచి 1.2 వరకు నార్మల్ అని అచ్చయి ఉంది కాబట్టి ఏ గుర్తూ పడలేదు, అంతా బాగుందనుకున్నారు. కండ తక్కువగా ఉండే మూడేళ్ల పిల్లలకు క్రియాటినిన్ 0.2 నుంచి 0.4 మధ్య ఉండాలి. 0.9 అంటే ఆ పాప కిడ్నీలు సగం పని కూడా చేయడం లేదన్నమాట. గొంతు నొప్పి తర్వాత వచ్చిన కిడ్నీ వాపు అది. వైద్యంతో కోలుకుంది. కానీ ఆ రెండు రోజులు ఊరికే పోయాయి. ఇప్పటికీ పిల్లల రిపోర్టు మీద పెద్దవాళ్ల రేంజి చూస్తే నాకు ఆ పాప ముఖమే గుర్తొస్తుంది.

దీనికి తిరగబడిన కేసు కూడా ఉంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఎదిగే ఎముకల నుంచి వస్తుంది కాబట్టి పిల్లల్లో పెద్దవాళ్లకు రెండు మూడు రెట్లు ఉంటుంది. ఒక్కోసారి మామూలు విరేచనాలో, జలుబో తగ్గాక రెండేళ్లలోపు పిల్లల్లో అది ఏకంగా వేలల్లోకి వెళ్తుంది. కాలేయం, ఎముకలు అన్నీ బాగానే ఉంటాయి. కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో అదే మామూలుకొస్తుంది. ఈలోగా ఆ అంకె చూసి స్కానింగుల చుట్టూ తిరిగిన తల్లిదండ్రులు ఎందరో.

హిమోగ్లోబిన్‌ను కూడా వయసు చూడకుండా చదవకూడదు. పుట్టినప్పుడు 16, 17 ఉండేది రెండు నెలలు నిండేసరికి 11 చుట్టూ, కొందరిలో 10 కిందికి కూడా దిగుతుంది. అది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో సవరించిన లెక్క ప్రకారం 6 నుంచి 23 నెలల పిల్లల్లో 10.5 కంటే తగ్గితే రక్తహీనత, 2 నుంచి 5 ఏళ్ల మధ్య 11 కంటే తగ్గితే రక్తహీనత. మీ బాబు 9.6 అంటే ఆ లెక్కలో స్వల్ప రక్తహీనత కిందికి వస్తుంది. పాప 11.3 బాగున్నట్టే.

ఇంకొక్క మాట చెప్పి అసలు విషయంలోకి వస్తాను. నార్మల్ రేంజి అంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో మధ్యలో ఉండే 95 శాతం మంది అంకెలు. అంటే పూర్తి ఆరోగ్యంగా ఉన్న నూరుగురు పిల్లల్లో ఐదుగురు ప్రతి పరీక్షలోనూ ఆ గీత బయట ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒక్కసారే చేస్తే, ఏ లోపమూ లేని బిడ్డకు కూడా కనీసం ఒకచోట గుర్తు పడే అవకాశం 64 శాతం. ప్యాకేజీ పరీక్షలు చేయించినప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక ఐరన్ సంగతి. మీరు అడిగిన వాటిలో నిజంగా ఆలోచించాల్సిన ప్రశ్న ఇదే.

జబ్బు చేసిన పిల్లవాడి రిపోర్టు చదివేటప్పుడు నేను మొదట అడిగేది అంకె ఎంత అని కాదు, ఈ అంకె ఎంత త్వరగా మారేది అని. రక్తంలో కొన్ని నిమిషాల్లో మారతాయి, కొన్ని గంటల్లో, కొన్ని రోజుల్లో, కొన్ని నెలల్లో. సూది చూసి పిల్లవాడు గుక్కపట్టి ఏడిస్తేనే తెల్లకణాలు పెరుగుతాయి, రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న కణాలు ప్రవాహంలోకి వచ్చేస్తాయి. సీఆర్పీ జబ్బు మొదలైన ఆరేడు గంటలకు పెరగడం మొదలుపెట్టి, రెండో రోజుకు శిఖరానికి చేరి, జబ్బు తగ్గుముఖం పట్టాక రోజుకు సగానికి పైగా పడిపోతుంది. సీరం ఐరన్ కొన్ని గంటల్లోనే సగానికి దిగిపోగలదు. ఫెరిటిన్ ఒకటి రెండు రోజుల్లో పెరుగుతుంది. ప్లేట్‌లెట్లకు వారం పడుతుంది. ఎంసీవీ, అంటే ఎర్రకణం సైజు మాత్రం నాలుగు రోజుల జ్వరానికి కదలదు. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. నాలుగు రోజుల్లో కొత్తగా వచ్చి చేరేవి నూటికి మూడు, నాలుగు కణాలు మాత్రమే. మిగతావన్నీ జ్వరం రాకముందు తయారైనవే.

కాబట్టి జబ్బులో ఉన్న బాబునూ, ఆరోగ్యంగా ఉన్న పాపనూ పోల్చేటప్పుడు త్వరగా మారే అంకెలు పక్కనపెట్టి నిదానంగా మారేవి పోల్చాలి. ఎంసీవీ బాబుకు 68, పాపకు 76. ఈ వయసుకు కింది హద్దు ఎంతో తెలుసుకోవడానికి మా దగ్గర ఒక సులువు లెక్క ఉంది: 70కి పిల్లవాడి వయసును ఏళ్లలో కలపాలి. అంటే దాదాపు 72. బాబు దానికి కింద ఉన్నాడు, పాప పైన ఉంది. ఎర్రకణాల సైజుల్లో హెచ్చుతగ్గులు చెప్పే ఆర్‌డీడబ్ల్యూ కూడా బాబుకు 17.5 ఉంది. ఇవి నాలుగు రోజుల్లో వచ్చే మార్పులు కావు. జ్వరం రాకముందు కొన్ని నెలలుగా మీ బాబు మూలుగకు ఐరన్ సరిపోను అందడం లేదని వాటి అర్థం. హిమోగ్లోబిన్ కూడా నిదానంగా మారేదే, కానీ జ్వరంలో అది కొద్దిగా దిగుతుంది, సెలైన్ ఎక్కించినా పలచబడి దిగుతుంది. అందుకే 9.6లో కొంత జ్వరం వాటా ఉండొచ్చు. ఎంసీవీలో మాత్రం జ్వరం వాటా లేదు.

మరి ఫెరిటిన్ 24, పాప 19 కంటే ఎక్కువ కదా అని మీ ప్రశ్న. ఊళ్లో దొంగల భయం ఉందని తెలిస్తే ఆడవాళ్లు ఒంటిమీది నగలు తీసి బీరువాలో పెట్టి తాళం వేస్తారు. అప్పుడు బీరువా లెక్క చూస్తే బంగారం పెరిగినట్టే ఉంటుంది, కానీ ఇంట్లోకి కొత్తగా ఒక్క కాసు కూడా రాలేదు. ఒంట్లో సూక్ష్మజీవులు దూరినప్పుడు శరీరం చేసేది ఇదే. చాలా బ్యాక్టీరియాకు పెరగడానికి ఐరన్ కావాలి. అందుకని కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును విడుదల చేస్తుంది. అది పేగుల నుంచి రక్తంలోకి, నిల్వ కణాల నుంచి రక్తంలోకి ఐరన్ వచ్చే తలుపును మూసేస్తుంది. ఐరన్ కణాల లోపలే చిక్కుకుపోతుంది. రక్తంలో సీరం ఐరన్ పడిపోతుంది, నిల్వ లెక్క అయిన ఫెరిటిన్ పెరుగుతుంది. మీ బాబు సీరం ఐరన్ 18 చూసి కంగారుపడకండి, జ్వరంలో అది ఎవరికైనా తగ్గుతుంది. జ్వరంగా ఉన్నప్పుడు ఆ పరీక్ష చేయించడం డబ్బు దండగని నా అభిప్రాయం.

ఈ కారణంగానే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఐదేళ్లలోపు పిల్లలకు ఫెరిటిన్ హద్దులు రెండు పెట్టింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు 12 కంటే తక్కువైతే ఐరన్ లోపం. ఇన్ఫెక్షన్ లేదా వాపు (పైకి కనిపించే ఉబ్బు కాదు, జబ్బుతో పోరాడేటప్పుడు ఒంటి లోపల వచ్చే ఇన్‌ఫ్లమేషన్) ఉన్న పిల్లలకు 30 కంటే తక్కువైనా లోపమే. ఇప్పుడు మళ్లీ చూడండి. పాప ఆరోగ్యంగా ఉంది, 19 అనేది 12కి పైన ఉంది, ఆమెకు లోపం లేదు. బాబుకు సీఆర్పీ 38 ఉంది, అంటే ఒంట్లో వాపు ఉంది. 24 అనేది 30కి కింద ఉంది, కాబట్టి అతనికి లోపం ఉంది. పెద్ద అంకె ఉన్న పిల్లవాడికి లోపం, చిన్న అంకె ఉన్న పాపకు నిండుదనం. ల్యాబ్ మాత్రం ఇద్దరికీ ఏ గుర్తూ వేయకుండా నార్మల్ అనేసింది. జ్వరంలో ఉన్న పిల్లలకు ఫెరిటిన్ రాస్తే పక్కన సీఆర్పీ కూడా రాయమని నేను జూనియర్ డాక్టర్లకు ఎప్పుడూ చెబుతుంటాను, ఒకటి లేకుండా రెండోదాన్ని చదవలేం. మీ డాక్టరుగారు రెండూ రాశారంటే తెలిసి రాసినట్టే.

ఐరన్ ఎందుకు ఆపారన్నది ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. తలుపు మూసి ఉన్నప్పుడు సిరప్ పోస్తే ఒంటికి పట్టేది చాలా తక్కువ, మిగిలింది పేగుల్లో ఉండి కడుపునొప్పి, విరేచనాలు తెస్తుంది. దీని వెనక ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మలేరియా విపరీతంగా ఉన్న జాంజిబార్‌లోని పెంబా దీవిలో చిన్నపిల్లలకు ఐరన్, ఫోలిక్ యాసిడ్ రోజూ ఇచ్చి చూసిన అధ్యయనం 2006లో వెలువడింది. ఐరన్ తీసుకున్న పిల్లల్లో ఆసుపత్రిలో చేరడాలు, మరణాలు కలిపి 12 శాతం ఎక్కువ కనిపించాయి. మన ఊళ్లలో పరిస్థితి అది కాదు. అయినా సూక్ష్మజీవి ఒంట్లో ఉన్నప్పుడు ఐరన్‌తో తొందరపడకూడదన్న పాఠం వైద్యులందరికీ అందింది. మన దేశంలో 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమంలో కూడా జ్వరం, విరేచనాలు, న్యుమోనియా లాంటివి ఉన్నప్పుడు సిరప్ ఆపి, తగ్గాక మొదలుపెట్టమని స్పష్టంగా ఉంది. మూడు వారాలు ఆలస్యమైతే 9.6 ఉన్న బాబుకు ఏ ప్రమాదమూ లేదు. అసలే ఇవ్వకుండా వదిలేస్తే మాత్రం నష్టం ఉంది. మెదడు ఎదిగే ఈ వయసులో ఐరన్ లోపం నెలల తరబడి ఉండకూడదు. కాబట్టి జ్వరం తగ్గింది, ఆడుకుంటున్నాడు కదా అని ఆ మూడు వారాల అపాయింట్‌మెంట్ మానేయకండి. చాలామంది అక్కడే ఆగిపోతారు, నాకు బాధ కలిగించేది అదే.

ఇక మీ పోలిక గురించి. ఒకే వయసు పాపను ఎంచుకున్నారు, అది బాగుంది. కానీ మీ అక్కగారి పాప ఒక్కతే ఆరోగ్యానికి కొలత కాదు. 'ఆరోగ్యంగా ఉన్న పిల్లలు' అంటే ఎవరు అన్నది శాస్త్రవేత్తలకే కష్టమైన ప్రశ్న. ఏ జబ్బూ లేని బిడ్డ చేతిలో సూది గుచ్చనిచ్చే తల్లిదండ్రులు ఎంతమంది ఉంటారు? అందుకే పిల్లల నార్మల్ రేంజిలు ప్రపంచంలో ఎక్కడైనా కొరతే. కెనడాలోని టొరంటోలో కాలిపర్ అనే ప్రాజెక్టు వేలమంది ఆరోగ్యవంతులైన పిల్లల రక్తం సేకరించి వయసులవారీగా హద్దులు తయారుచేసింది, చాలా దేశాల ల్యాబులు వాటిని వాడుకుంటున్నాయి. మన దేశంలో 2016 నుంచి 2018 వరకు జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో పిల్లల రక్తాన్ని నరం నుంచి తీసి పరీక్షించారు. తర్వాత 2021లో పరిశోధకులు ఆ పిల్లల్లోంచి వాపు ఉన్నవాళ్లను, ఐరన్, ఫోలేట్, బీ12, విటమిన్ ఏ లోపాలు ఉన్నవాళ్లను తీసేసి, మిగిలిన నిజమైన ఆరోగ్యవంతుల హిమోగ్లోబిన్ చూశారు. వాళ్ల కింది హద్దు అప్పటి ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు కంటే తక్కువగా తేలింది. పైకి ఆరోగ్యంగా కనిపించడం వేరు, జల్లెడపట్టి తేల్చిన ఆరోగ్యం వేరు.

రక్తం ఎలా తీశారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 6 నుంచి 59 నెలల పిల్లల్లో రక్తహీనత దేశం మొత్తంమీద 67.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2, తెలంగాణలో 70 శాతం అని వచ్చింది. పైన చెప్పిన పోషకాహార సర్వేలో 1 నుంచి 4 ఏళ్ల పిల్లల్లో 41 శాతం మాత్రమే. వయసులు, సంవత్సరాలు కాస్త వేరు, నిజమే. కానీ మొదటి సర్వేలో పొడిచి తీసిన చుక్క రక్తాన్ని చిన్న మీటరులో చూశారు, రెండోదానిలో నరం నుంచి తీసి ల్యాబ్ మిషన్‌లో చూశారు. చుక్క రావడం లేదని వేలిని గట్టిగా పిండితే కణజాలంలోని నీరు కలిసి హిమోగ్లోబిన్ తక్కువగా రావచ్చు. చిన్నపిల్లల దగ్గర రక్తం తీసేటప్పుడు ఆలస్యమై ట్యూబులో సన్నగా గడ్డకడితే మిషన్ ప్లేట్‌లెట్లను లెక్కపెట్టలేక 60 వేలు, 70 వేలు అని చూపిస్తుంది. డెంగీ సీజన్‌లో అలాంటి ఒక్క అంకెతో ఇల్లంతా గందరగోళమైపోతుంది. అలాంటప్పుడు మేం స్మియర్ చూస్తే ప్లేట్‌లెట్లు గుంపులుగా కనిపిస్తాయి, మళ్లీ రక్తం తెప్పించుకుంటాం. మీరు ఇద్దరి పరీక్షలూ ఒకే ల్యాబులో చేయించారా లేదా రాయలేదు. వేరైతే చిన్నచిన్న తేడాలను పట్టించుకోకండి.

అసలు మీ బాబును పోల్చాల్సింది ఇంకో పిల్లతో కాదు, ఒంట్లో బాగున్నప్పటి మీ బాబుతోనే. మూడు వారాల తర్వాతి పరీక్ష అందుకోసమే. జ్వరం పూర్తిగా తగ్గి, మధ్యలో మళ్లీ జలుబు చేయకుండా ఉంటే అదే ల్యాబులో సీబీసీ (రక్తకణాల లెక్క), స్మియర్, సీఆర్పీ, ఫెరిటిన్ చేయించండి. సీఆర్పీ 5 లోపలికి దిగి, ఫెరిటిన్ కూడా 24 నుంచి 8కో 10కో దిగిందనుకోండి, తగ్గిందేమిటని భయపడకండి. దొంగల భయం పోయింది, అసలు నిల్వ ఎంతో బయటపడింది, అంతే. అప్పుడు డాక్టరుగారు బరువును బట్టి ఐరన్ రాస్తారు. సాధారణంగా కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాముల ఐరన్ లెక్కన ఇస్తారు. సిరప్ సీసా మీద 'ఎలిమెంటల్ ఐరన్' (మందులో ఉన్న అసలు ఐరన్) ఎంతో చూసి, డాక్టరుగారు రాసిన మోతాదుతో సరిపోయిందో లేదో అడిగి తెలుసుకోండి, బ్రాండును బట్టి అది మారుతుంది. నెలరోజుల్లో హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరిగిందంటే మన అంచనా సరైనదే. హిమోగ్లోబిన్ మామూలుకొచ్చాక కూడా నిల్వలు నిండేందుకు ఇంకో రెండు మూడు నెలలు వాడాలి. విరేచనం నల్లగా అవుతుంది, అది సహజమే.

ఒకవేళ సరిగ్గా వాడినా ఎంసీవీ పెరగకపోతే తలసీమియా ట్రెయిట్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే, హిమోగ్లోబిన్ తయారీలోని చిన్న లోపం) ఉందేమో చూడాలి. మీ బాబు ఎర్రకణాల సంఖ్య 4.5 మిలియన్లు అని రిపోర్టు చివర రాశారు కాబట్టి ఒక చిన్న లెక్క చేశాను. ఎంసీవీ 68ని 4.5తో భాగిస్తే 15 వస్తుంది. ఇది 13 కంటే ఎక్కువైతే ఐరన్ లోపం వైపు, తక్కువైతే తలసీమియా ట్రెయిట్ వైపు మొగ్గుతుంది. ఇది అంచనాకు పనికొచ్చే లెక్క మాత్రమే, నిర్ధారణ కాదు. ట్రెయిట్‌ను తేల్చే హిమోగ్లోబిన్ ఏ2 పరీక్ష అవసరమైతే ఐరన్ నిండాకే చేయించాలి. ఐరన్ లోపం ఉన్నప్పుడు చేస్తే హిమోగ్లోబిన్ ఏ2 తక్కువగా వచ్చి ట్రెయిట్ దాగిపోవచ్చు.

తిండి గురించి మీరు ఏమీ రాయలేదు, కానీ నేను అడగాలి. బాబు రోజుకు ఎన్ని పాలు తాగుతున్నాడు? ఈ వయసులో ఎంసీవీ 68 చూస్తే నాకు మొదట గుర్తొచ్చేది పాలసీసా. ఆవుపాలు, గేదెపాలు రెండింట్లోనూ ఐరన్ దాదాపు ఉండదు. పైగా పాలతో కడుపు నిండిన పిల్లవాడు అన్నం ముట్టడు. రోజుకు అర లీటరు దాటకుండా చూడండి. పెరుగన్నం ఒక్కటే తినే పిల్లలకు పప్పు, ఆకుకూర, గుడ్డు కలపండి, మీరు మాంసం తింటే మెత్తగా ఉడికించిన మాంసం, మేక కార్జం కొద్దిగా పెట్టండి. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండితే అందులోని ఐరన్ బాగా పడుతుంది. టీలో బిస్కెట్ ముంచి తినిపించే అలవాటు ఉంటే మానిపించండి. తిండి మార్చడం అవసరమే, కానీ 9.6ను తిండితోనే పైకి తెద్దామని సిరప్ మానకండి. ఈ లోటు తిండితో తీరదు.

ఈ మూడు వారాల్లో ఆగకుండా వెళ్లాల్సిన సందర్భాలు కూడా చెబుతాను. ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి, 40 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నా, డొక్కలు లోపలికి లాగుతున్నా, తాగడం మానేసినా, మత్తుగా పడి ఉన్నా, ఒంటిమీద ఎర్రచుక్కలు వచ్చినా, జ్వరం ఇంకా తగ్గకపోయినా అపాయింట్‌మెంట్ వరకు ఆగొద్దు. పిల్లవాడు ఎలా ఉన్నాడన్నది చూశాకే మేం రిపోర్టు చూస్తాం. ఆడుకుంటూ, తాగుతూ ఉన్న పిల్లవాడి సీఆర్పీ 38 వేరు, కళ్లు తెరవని పిల్లవాడి సీఆర్పీ 12 వేరు.

మీ అక్కగారి పాప సంగతి మీరు అడగలేదు గానీ, ఆమె రిపోర్టు కూడా పంపారు కాబట్టి చెబుతున్నాను. ఆమెకు ఇప్పుడు మందుగా ఏమీ అక్కర్లేదు. 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లలందరికీ ప్రభుత్వం తరఫున వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు ఇచ్చే ఐరన్ ఫోలిక్ యాసిడ్ సిరప్ ఉంటుంది, అందులో 20 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. అంగన్‌వాడీలోగాని, ఆశా కార్యకర్త దగ్గరగాని అడిగి అది వేయిస్తే చాలు. 19 ఫెరిటిన్ లోపం కాదు గానీ పొంగిపొర్లే నిల్వ కూడా కాదు. బాబు రెండో రిపోర్టు వచ్చాక అంకెలు ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను. పెట్టేముందు పేరు, ఫోన్ నంబరు కనిపించకుండా చెరిపేయండి.